పేర్ల చుట్టూ సున్నం

రూబమ్మకు అన్యాయం జరగడానికి మూడున్నర గంటలు పట్టింది. ఈస్టరుకు వారం ముందొచ్చే మట్టల ఆదివారం, ఆ ముందురోజు శనివారం, పొద్దున్న ఎనిమిదింటికి మొదలై పదకొండున్నరకు ముగిసింది. ఆ కాస్త వ్యవధిలో నలభై మంది కాలేజీ పిల్లలు లప్పం రేకులూ ఇనప బ్రష్షులూ పట్టుకుని, రాజాం మిషన్‌పేట సమాధుల తోటలో ముప్పై నాలుగు సమాధుల మీది పేర్లను ఆనవాలు లేకుండా గీకేశారు. వాళ్ళు చెడ్డపిల్లలు కారు. టోపీలు పెట్టుకుని, మంచినీళ్ళ సీసాలు తెచ్చుకుని, మధ్యమధ్యలో పాటలు పాడుకుంటూ, చరిత్రను కాపాడుతున్నామనే అనుకున్నారు. వాళ్ళకు ఆ మాట చెప్పినవాడు ధర్మేంద్ర.

రూబమ్మ ఆ పూట ఊళ్ళో లేదు. ఈస్టరు పండక్కి సమాధులకు వెల్ల వేయాలి కదా, గుల్ల సున్నం కోసం కళింగపట్నం వైపు వెళ్ళింది. ఆమె లేని రోజు చూసి ఆ పని పెట్టింది కూడా ధర్మేంద్రే. దొంగబుద్ధితో కాదు. ముసలామె తిరిగొచ్చేసరికి తోటంతా కడిగిన ముత్యంలా ఉండాలని, ఆమె నోరు తెరుచుకుని చూస్తూ నిలబడిపోవాలని అతని ముచ్చట. నిలబడిపోయిన మాట మాత్రం నిజం.

ధర్మేంద్ర అంటే రాజాం బస్టాండు ఎదురుగా జిరాక్సు కొట్టులో పనిచేసే కుర్రాడు. కుర్రాడంటే ఇరవై ఎనిమిదేళ్ళవాడు. డిగ్రీ రెండో ఏడులో మానేశాడు. ఎందుకు మానేశావంటే, చదువుకోవడానికి కాలేజీ అడ్డమొచ్చిందని చెప్పేవాడు. ఆ జవాబు తనకే బాగా నచ్చడంతో తర్వాత్తర్వాత ఎవరూ అడక్కపోయినా చెప్పేవాడు. చిత్తుకాగితాల కొట్టులో దొరికిన పుస్తకమల్లా చదివాడు. అక్కడికొచ్చే పుస్తకాలకు ముందు పేజీలుంటే వెనకవి ఉండవు, వెనకవుంటే ముందువి ఉండవు. అందువల్ల అతనికి లోకంలోని చాలా సంగతుల నడిమి భాగం క్షుణ్ణంగా తెలుసు. తనకింత తెలిసినా తన చేత లామినేషన్ చేయించుకునే జనానికి ఆ విషయం తెలియడం లేదని లోలోపల ఉడికిపోయేవాడు. ఏడాదికి రెండుసార్లు సంచి సర్దుకుని హైదరాబాదు వెళ్ళిపోతున్నానని ఇంట్లో ప్రకటించేవాడు. తండ్రి నువ్వుచేలోంచి వచ్చి, భోంచేసి బయల్దేరమనేవాడు. భోంచేశాక నిద్రొచ్చేది.

ఈ సమాధుల గొడవ అతని చేతికి ఒక అర్జీ రూపంలో వచ్చింది. మిషన్‌పేట చర్చి పాస్టరు థామస్ అయ్యగారు ఆ అర్జీకి నాలుగు కాపీలు తీయించుకోవడానికి కొట్టుకొచ్చారు. పరాయివాళ్ళ కాగితం చదవకూడదన్నది జిరాక్సు కొట్టు మర్యాద. చేతికొచ్చిన అచ్చు కాగితాన్ని చదవకుండా తిరిగివ్వడం ధర్మేంద్ర ఒంట్లో లేదు. చదివాడు. రోడ్డు వెడల్పు చేస్తున్నారు, సమాధుల తోట దక్షిణం వైపు కొంత పోతుంది. ఈస్టరు దాటిన మంగళవారం సర్వే వాళ్ళొచ్చి గుర్తులు పెడతారు. పేరున్న సమాధిని తోట గీత లోపల ఉంచుతారు. పేరు లేని దిమ్మను మట్టిదిబ్బ కింద లెక్కేస్తారు. అయ్యగారి భయమల్లా ఆ దక్షిణపు వరస గురించే. దొరల సమాధులు నాలుగూ తోట నడుమ, నల్లరాతి పలకల మీద లోతుగా చెక్కిన ఇంగ్లీషు పేర్లతో క్షేమంగా ఉన్నాయి. రోడ్డువారన ఉన్న ముప్పై నాలుగూ ఈ ఊరి కూలివాళ్ళవి, నేతవాళ్ళవి, జూట్ మిల్లు పనివాళ్ళవి. ఇటుక దిమ్మలు, పైన సున్నం.

నేను చూసుకుంటాను అయ్యగారూ అన్నాడు ధర్మేంద్ర. ఆయన పాపం, చిల్లర కోసం చెయ్యి చాపి అలాగే నిలబడ్డారు.

మర్నాడు అతను తోటకు వెళ్ళేసరికి ఒక ముసలామె సమాధి అరుగు మీద కూర్చుని జనపనారతో కుంచె కట్టుకుంటోంది. ఆమె రూబమ్మ. ఈ తోట ఎంత పాతదో తెలుసా మామ్మా అని అడిగి, ఆమె జవాబు చెప్పేలోపు తనే పావుగంట చెప్పాడు. దొరలు ఎప్పుడొచ్చారో, ఏ జ్వరంతో పోయారో, ప్రపంచంలో పాత సమాధులను ఎలా కాపాడుకుంటున్నారో అంతా చెప్పాడు. ఆమె శ్రద్ధగా వింది.

“పెళ్ళయినాదా బాబూ నీకు?” అంది చివరికి.

కాలేదన్నాడు.

“అదీ మరి” అని మళ్ళీ కుంచె పనిలో పడింది.

తర్వాత నెల రోజులూ సాయంత్రాలు అతను తోటకు వెళుతూనే ఉన్నాడు. ఆమె కథ అడిగాడు కానీ, సగం వినేసరికి తన ఆలోచన చెప్పడం మొదలుపెట్టేవాడు. అయినా కొంత చెవిన పడింది. రూబమ్మ పుట్టింది నెల్లిమర్లలో, మిల్లు పనివాళ్ళ ఇంట్లో. పురుడు పోసిన నర్సమ్మ రూబీ అని పేరు పెట్టిందట. అది ఎర్రరాయి పేరని పెద్దయ్యాక ఎవరో చెబితే, తెల్లసున్నం పూసుకు బతికేదానికి ఎర్రరాయి పేరేటని ఇంటిల్లిపాదీ నవ్వుకున్నారట. పదిహేనో ఏట ప్రకాశానికి భార్యగా మిషన్‌పేట వచ్చింది. వచ్చిన మూడో రోజునే తాతమ్మ అనే అత్తగారు ఆమె చేతికి కుంచె ఇచ్చింది. అత్తా కోడలూ కలిసి రాజాంలో గోడ అన్నదల్లా తెల్లగా చేశారు. ధాన్యం గోదాములు, పెళ్ళిళ్ళు కుదిరిన ఇళ్ళు, దసరాకు కోమట్ల దుకాణాలు, క్రిస్మసుకు చర్చి. పండగలు ఎవరివైనా సున్నం వీళ్ళదే. వేళ్ళ సందుల్లో పుళ్ళు పడితే కొబ్బరినూనె రాసుకుని మర్నాడు మళ్ళీ నిచ్చెనెక్కేవాళ్ళు. తర్వాత డబ్బాల్లో రంగులొచ్చాయి, రోలర్లు పట్టుకుని కుర్రాళ్ళొచ్చారు.

“రంగులొచ్చినాక బతికున్నోళ్ళు నన్ను మానీసినారు బాబూ. సచ్చిపోయినోళ్ళే ఇంకా పిలుస్తన్నారు” అందామె ఒకసారి. ధర్మేంద్ర ఆ మాటను కూడా రాసుకున్నాడు, తన పేరుతో ఎక్కడైనా వాడుకోవచ్చని.

అతని దగ్గర ఒక నోటు పుస్తకం ఉండేది. అందులో ఒక పేజీకి ‘స్థానిక మూఢనమ్మకాలు’ అని శీర్షిక. మూడో నంబరు కింద ఇలా రాసి గీత గీశాడు: పేరు మీద సున్నం పడితే ఆ పేరు చచ్చిపోతుందని వృద్ధురాలి విశ్వాసం. ఆమె చెప్పింది నమ్మకం కాదనీ, తను పనిచేసే పద్ధతనీ అతనికి తట్టలేదు. తట్టడానికి కాస్త ఖాళీ ఉండాలి కదా, ఆ బుర్రలో అప్పటికే ఒక పుస్తకం ఉంది. పాత కట్టడాల మరమ్మత్తు గురించిన పుస్తకం. మొదటి ముప్పై పేజీలు లేవు. ఉన్న పేజీల్లో, తర్వాతి కాలంలో వేసిన సున్నపు పొరలను తొలగిస్తే అడుగున అసలు రూపం బయటపడుతుందని ఉంది. ఎప్పుడు తొలగించకూడదో బహుశా ఆ ముప్పై పేజీల్లో ఉండి ఉంటుంది.

కాలేజీలో హిస్టరీ చెప్పే దుర్గాభవాని మేడమ్ జిరాక్సులకు కొట్టుకొచ్చినప్పుడు అతను ఈ అసలు రూపం సంగతి చెప్పాడు. సర్వే వాళ్ళకు నిన్న వేసిన సున్నంలో పేరు చూపిస్తే నమ్ముతారా, అడుగున వందేళ్ళ నాటి పేరు చూపించాలి గానీ, అన్నాడు. మేడమ్ ఆ మాటకు కదిలిపోయి, తన పిల్లలను పంపుతానంది. అక్కడి పెద్దవాళ్ళను అడిగావా అని ఒక్కసారి అడిగింది. చదివానండీ అన్నాడు. అడిగింది ఒకటి, చెప్పింది ఒకటి, ఇద్దరూ గమనించలేదు.

శనివారం పొద్దున్న, అయ్యగారు అర్జీ పని మీద బయటికెళ్ళిన పూట, ధర్మేంద్ర దొరల సమాధి అరుగెక్కి చిన్న ఉపన్యాసం ఇచ్చాడు. పిల్లలు పని మొదలుపెట్టారు. ఏళ్ళ తరబడి పేరుకున్న సున్నం, పెనం మీంచి అట్టు లేచినట్టు పలకలు పలకలుగా లేచి వస్తుంటే ఎవరికైనా హుషారుగానే ఉంటుంది. పాలకొండ వైపు నుంచి వచ్చి చదువుకుంటున్న కుసుమకుమారి అనే అమ్మాయి మాత్రం మూడో దిమ్మ దగ్గర చెయ్యి ఆపింది.

“అన్నా, అడుగున ఏటీ నేదు. ఉత్త ఇటికలే.”

“ఇంకా లోతుకి గీకండి” అన్నాడు ధర్మేంద్ర. “చరిత్ర పైపైన దొరకదు.”

ఇంకా లోతుకి గీకారు. ఇటుకలు ఎర్రగా బయటపడ్డాయి. పదకొండున్నరకు ముప్పై నాలుగు దిమ్మలూ ఒకేలా ఉన్నాయి. ఒక విలేకరి వచ్చి ఫొటో తీసుకున్నాడు.

ఒంటిగంట వేళ రూబమ్మ సున్నం బస్తాతో ఆటో దిగింది. పిల్లలు ముందే అనుకున్న ప్రకారం చప్పట్లు కొట్టారు. ఆమె బస్తా కింద పెట్టింది. వరస మొదట్నుంచి చివరిదాకా నడిచింది, ప్రతి దిమ్మ మీదా చెయ్యి వేసుకుంటూ. చప్పట్లు వాటంతటవే సన్నగిల్లాయి.

“పేర్లేవి బాబూ?”

అడుగున అసలు పేర్లే లేవు మామ్మా అన్నాడు ధర్మేంద్ర, ఇంకా పాఠం చెబుతున్న గొంతుతోనే.

“నాను సదువుకోనేదు. నువ్వు సదువుకున్నావు గదా” అంటూ రూబమ్మ పక్క దిమ్మ మీది ఇటుకను చూపించింది. “ఇప్పుడు సదువు.”

తర్వాత అయ్యగారు చెబితే అర్థమైంది. ఈ తోటలో రాతిపలక పెట్టించుకునే స్తోమత ఎవరికీ లేదు. మనిషిని పాతి దిమ్మ కట్టాక గార పచ్చిగా ఉన్నప్పుడే పుల్లతో పేరు గీస్తారు. ఆ గార నాలుగు వానలకు పొడైపోతుంది. పేరును నిలబెట్టేది ఆ తర్వాత పడే సున్నం. ఏటా ఈస్టరుకు ముందు అక్షరాల మీద పడకుండా చుట్టూ మాత్రమే పూత వేస్తారు. ఏడాదికొక పొర లేస్తుంది, అక్షరం అంత లోతవుతుంది. తాతమ్మ ముప్పై ఏళ్ళు, రూబమ్మ యాభై ఏళ్ళు అలా కుంచె తిప్పితే పేర్లు అరవేలు లోతు దిగాయి. అవి చెక్కిన పేర్లు కావు, రాసినవీ కావు. చుట్టూ సున్నం పెరగ్గా మిగిలిపోయిన ఖాళీలు. ధర్మేంద్ర ఆ ఖాళీల చుట్టూ ఉన్నదాన్ని తీయించేశాడు.

ఆదివారం పేపర్లో జిల్లా పేజీలో ఫొటో వచ్చింది. ‘చరిత్రకు ఊపిరి పోసిన యువత.’ జిరాక్సు కొట్టు యజమాని దాన్ని కత్తిరించి, లామినేషన్ చేసి, గోడకు తగిలించాడు. అతన్ని పట్టించుకోని వీధి మొత్తం ఆ రోజే అతన్ని మెచ్చుకుంది. ఇన్నేళ్ళుగా కోరుకున్నది అదే కాబట్టి ఒక్కొక్కరికీ థాంక్స్ చెబుతూ సాయంత్రం దాకా కూర్చున్నాడు.

ఆ రాత్రి, పోయిన పేర్లు దొరికే దారులన్నీ వెతికాడు. చర్చి రిజిస్టరు తుఫానుకు కప్పు లేచిపోయినప్పుడు తడిసి ముద్దయింది. తన ఫోనులో తోట ఫొటోలు నూటపన్నెండున్నాయి. నూటపదకొండు దొరలవి. ఒకటి దక్షిణపు వరస ముందు తను తీసుకున్న సెల్ఫీ. పేరుండాల్సిన చోట తన తల ఉంది. చెవి పక్కన ‘య్య’ అన్న అక్షరం మాత్రం కనిపిస్తోంది.

సోమవారం పొద్దున్న, తిట్లు తినడానికి సిద్ధపడి రూబమ్మ ఇంటికి వెళ్ళాడు. ఎంత తిడితే అంత తేలికపడొచ్చని కూడా లెక్క వేసుకున్నాడు. ఆమె ఆ వీలు ఇవ్వలేదు. పెరట్లో సున్నం నానబెడుతోంది. తొట్టిలో అది కుతకుత ఉడుకుతోంది.

“పండక్కి ఆరు రోజులున్నాది. కర్ర అట్టుకుని కలుపు” అంది.

ఎవరి దిమ్మ ఏదో ఆమెకు తెలుసు. కుసుమకుమారి కాగితం పట్టుకుని వెంట నడిచింది. ఇది మేరమ్మ, కాన్పులో పోయినాది. ఇది యాకోబు, మిల్లులో బేళ్ళు మోసీవోడు. ఇది సంటిపిల్ల, పేరెట్టకముందే పోనాది, ‘పాప’ అనే రాసినారు. ఇది మా ప్రకాశం. మిగతా వాటి దగ్గర ఎంతసేపు ఆగిందో అక్కడా అంతే ఆగి ముందుకు నడిచింది. అలా ముప్పై ఒకటి చెప్పింది. మూడు మాత్రం అత్త కాలం నాటివి. వాళ్ళెవరో ఆమెకు తెలియదు, చదవడం రాదు కాబట్టి పేర్లూ తెలియవు. తెలిసిందల్లా ఆ దిమ్మల దగ్గర కుంచె ఎక్కడ తిరుగుతుందో, ఎక్కడ ఆగుతుందో.

మేడమ్‌కు అప్పుడు ఒక ఆలోచన వచ్చింది. పాత చర్చి వెనక గోడ మీద, ఒక్కో దిమ్మనూ గుర్తుచేసుకుంటూ సున్నం వేయమంది. రూబమ్మ కళ్ళు మూసుకుని కుంచె నడిపింది. ఒకచోట గుండ్రంగా తప్పుకుంది, ఒకచోట కొమ్ము తిరిగింది. పూత ఆరేసరికి నడుమ ఖాళీలో ‘సీమోను’ అని తేలింది. పిల్లలు అరిచేశారు. రెండో దానికి ముందు సగమే వచ్చింది: ‘దాని’. చివర చెయ్యి తడబడింది. ధర్మేంద్ర సిగ్గు చంపుకుని, ఆ దిమ్మ ముందే దిగిన తన సెల్ఫీ బయటికి తీశాడు. దాని, య్య. దానియ్య. అతని తల ఆ రోజు కాస్త పక్కకు ఒరిగి ఉండబట్టి ఒక మనిషికి పేరు దక్కింది. ఆ తల వల్ల ఊరికి కలిగిన లాభం ఇప్పటికి అదొక్కటే.

మూడోది రాలేదు. వరసలో ఆఖరి దిమ్మ, రోడ్డుకు అందరికన్నా దగ్గరది. వాన జల్లు కొట్టే మూల కావడంతో అక్కడ అక్షరాలు ఆమె వచ్చేనాటికే అరిగి ఆనవాలుగా మాత్రమే మిగిలాయట. కుంచె గోడకు ఆనించి చాలాసేపు నిలబడింది. తర్వాత దించేసింది.

నలభై మందిలో మళ్ళీ వచ్చినవాళ్ళు పదకొండు మంది. ధర్మేంద్ర కొట్టులోంచి లామినేషన్ షీట్లు తెచ్చి అక్షరాలు కత్తిరించాడు. కొత్త గార మీద వాటిని అంటించి, చుట్టూ పూత వేసి, ఆరాక ఊడదీస్తే పేరు మిగులుతుంది. అతని మొదటి అక్షరాలను రూబమ్మ ఒప్పుకోలేదు. మరీ పెళ్ళి శుభలేఖలా ఉన్నాయంది. ఎండలో వంగి ఆరు రోజులు పనిచేస్తే అతని నడుము పట్టేసింది, అరచేతులు పగిలాయి. ఆ చేతులను ఎవరైనా చూస్తారేమోనని రెండు రోజులు జేబులో పెట్టుకోకుండా తిరిగాడు. ఎవరూ చూడలేదు.

శనివారం సాయంత్రానికి ముప్పై మూడు పేర్లు లేచాయి. ఆఖరి దిమ్మ బోడిగా ఉంది. ధర్మేంద్ర సంచిలోంచి ఒక కట్ట తీశాడు. ముందు రోజే కత్తిరించి ఉంచుకున్న అక్షరాలు: సమూయేలు.

“ఎవులు ఈయన?” అంది రూబమ్మ.

ఎవరో ఒకరు మామ్మా, పేరంటూ ఉంటే గీత లోపలికొస్తాడు, లేకపోతే మంగళవారం తర్వాత ఈయన మీద లారీలు తిరుగుతాయి అన్నాడు. అది నిజమేనని ఆమెకూ తెలుసు. దిమ్మ పక్కన కూలబడి, మోకాళ్ళు రాసుకుంటూ ఆలోచించింది.

“పరాయి పేరు ఎట్టుకుని ఈ మడిసి ఎన్నాళ్ళని పడుకుంటాడ్రా” అంది. కాసేపటికి మళ్ళీ తనే, “నా పేరు కొయ్యి” అంది.

మిషన్‌పేటలో చోటు చాలక, పాత సమాధిని తెరిచి అదే ఇంటివాళ్ళను అందులోనే పాతడం ఉంది. ముందుగా చోటు చెప్పుకోవడమూ ఉంది. కానీ అది సొంతవాళ్ళ దగ్గర. నీ చోటు ప్రకాశం పక్కన కదమ్మా అన్నారు అయ్యగారు. ఆమెకు ఆ సంగతి గుర్తుచేయాల్సిన పని లేదు. వరస అటు చివరనున్న భర్త దిమ్మ వైపు ఒకసారి చూసింది.

“ఆయనకి పేరున్నాది అయ్యగారూ, ఆయన ఎక్కడికీ పోడు. ఈ మడిసి ఎవులో గానీ, యాభై ఏళ్ళు సున్నం ఏసినాను. ఇంత చోటు నాకియ్యడేటి.”

ధర్మేంద్ర అక్కడే కూర్చుని ‘రూబీ’ అని కత్తిరించాడు. రెండే అక్షరాలు. మూడుసార్లు తప్పు పోయింది.

మంగళవారం సర్వే అతను కాగితాలతో వచ్చి, వరస వెంట నడుస్తూ పేర్లు చదువుకున్నాడు. ఆఖరి దిమ్మ దగ్గర, ఈ రూబీ ఎప్పుడు పోయారని అడిగాడు. అయ్యగారు దగ్గారు. మేడమ్ ఆకాశం వైపు చూసింది. ధర్మేంద్ర చదివిన పుస్తకాల్లో దీనికి జవాబున్న పేజీ లేదు.

“పోనేదు బాబూ, ఇక్కడే ఉన్నాను” అంది రూబమ్మ. “సోటు సెప్పుకున్నాను. రాసుకో.”

అతను ఆమెనూ దిమ్మనూ మార్చి మార్చి చూశాడు. పెన్ను కాసేపు గాలిలో ఆడించాడు. చివరికి ముప్పై నాలుగు అని వేసి, సున్నపు గీతను దిమ్మకు రెండు జానల అవతల, రోడ్డు వైపు గీయించాడు.

ధర్మేంద్ర ఆమెను ఆఖరుసారి కలిసింది ఆ మరుసటి ఏడు, ఈస్టరుకు ముందొచ్చే లెంటు ఉపవాసాలు ఇంకా మొదలు కాకముందు. విశాఖపట్నంలో ఒక అచ్చాఫీసులో ఉద్యోగం దొరికింది. ఈసారి సంచి నిజంగానే సర్దాడు. చెప్పి వెళదామని తోటకు వచ్చాడు. క్షమాపణ ఒకటి పది నెలలుగా దాచుకున్నాడు. దారి పొడుగునా దాన్ని సానబెట్టుకుంటూ వచ్చాడు, చాలా బాగా కుదిరింది. రూబమ్మ ఆఖరి దిమ్మ ముందు పీట వేసుకుని, తన పేరులోని గుంటలో గోరు పెట్టి చూసుకుంటోంది. మోకాళ్ళు వాచి ఉన్నాయి. అతను ఉద్యోగం సంగతి చెప్పాడు. మంచిదంది. క్షమాపణ మొదలుపెట్టాడు. రెండో వాక్యం దగ్గర ఆమె చేత్తో ఆపమని సైగ చేసి, అతని వేలు పట్టుకుని ఆ గుంట మీద పెట్టింది. వేలికి ఏమీ తగల్లేదు.

“పోయిన పండక్కి ఏసిన మూడు పూతలే ఉన్నాది. గోరు దిగనేదు సూడు. ముందరున్నంత లోతు రావాలంటే ఇంకో యాభై ఏళ్ళు పడతాది” అంది. “నానైతే ఉండను. నువ్వు ఉంటావేటి, ఎల్లిపోతావేటి?”